సవరణ: స్నోమొబైల్ కౌన్సిల్‌ను క్లబ్బులు ఎన్నుకోవు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ల దారుల గురించి పాత పోస్టులో రాస్తూ, అక్కడి స్నోమొబైల్ కౌన్సిల్ సభ్యులను స్నోమొబైల్ క్లబ్బులే ఎన్నుకుంటాయనీ, ఆ దారులకిచ్చే సొమ్ము ఎటు పోవాలో వాళ్లే తేలుస్తారనీ అన్నాను. రెండూ తప్పే.

కౌన్సిల్‌లోని 15 మందినీ గవర్నర్ ప్రతిపాదిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. పదవీకాలం 3 ఏళ్లు. వాళ్లు ఇచ్చేది సలహా మాత్రమే, మంజూరు చేసేది సహజ వనరుల శాఖ. నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. స్టీవెన్స్ పాయింట్ ఊరి దక్షిణపు హద్దు వెంట తూర్పు పడమరలుగా ఒక గీత అనుకుని, దానికి ఉత్తరాన కనీసం 5గురు, దక్షిణాన కనీసం 5గురు ఉండాలని చట్టంలోనే రాసేశారు. మంచు ఎక్కువ పడే ఉత్తరాది వాళ్లే కుర్చీలన్నీ పట్టేయకుండా కాబోలు!

ఇంకోటి. ఇలాంటి దారుల కోసం కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకిచ్చే ఫెడరల్ ట్రైల్స్ నిధిలో 30 శాతం స్నోమొబైళ్లకే అన్నాను. కాదు, అది మోటారు బళ్లన్నిటికీ కలిపి. నడక, సైకిల్, గుర్రపు స్వారీ లాంటివాటికి మరో 30, రకరకాల వాళ్లు కలిసి వాడే దారులకు 40. ఈ నిధి కావాలంటే రాష్ట్రంలో మోటారు బళ్ల వాళ్లూ, మోటారు లేకుండా దారులు వాడేవాళ్లూ ఉన్న సలహా కమిటీ ఏడాదికి ఒక్కసారైనా కూర్చోవాలి.

పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.