ఏడు రోజుల్లో నెంబర్ వన్ అంట, ఆ మెసేజ్ ఇక పంపకండి

నిన్నటితో ఐదోసారి వచ్చింది నాకు. ముందు మా బావ పంపేడు, తర్వాత ఒడిశా బోర్డర్లో ఉన్న మన పర్లాకిమిడి షాపులవాళ్ల గ్రూపులో వచ్చింది, రాత్రికి పాతపట్నంలో మెడికల్ షాపు ఫ్రెండు పంపించేడు. మేటరేటంటే "చిన్న షాపుకి వెబ్‌సైట్ దండగ, డిజైనర్ల మాట నమ్మొద్దు, 4,999 కట్టండి, 300 కీవర్డ్స్, 5000 బ్యాక్‌లింకులు, 50 ఫైవ్ స్టార్ రివ్యూలు పెట్టి 7 రోజుల్లో గూగుల్‌లో నెంబర్ వన్ గ్యారంటీ, జీమెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చీండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం". షాపులకి వెబ్‌సైట్లు, గూగుల్ పేజీలు చేసి బతుకుతున్నవాడిని ఊళ్ళోనే ఉన్నాను, షేర్ చేసే ముందు ఒక్క ఫోను కొట్టి అడగడానికేటి కష్టం?

కీవర్డ్స్ సంగతి ఒక్క ముక్కలో అయిపోద్ది. కీవర్డ్స్ అంటే జనం గూగుల్‌లో కొట్టే మాటలు, వాటిని సైటు కోడ్‌లో కనపడకుండా రాసే చోటు పేరు కీవర్డ్స్ ట్యాగ్. దాన్ని ర్యాంకింగ్‌కి, అంటే ఎవరు పైన ఎవరు కింద అనేదానికి, వాడట్లేదని గూగుల్ 2009 సెప్టెంబర్‌లోనే చెప్పీసింది. 300 పెట్టినా 3000 పెట్టినా ఒకటే. మన ఊళ్ళో అసలు తలనొప్పి వేరు, ఊరి పేరునే ఒకరు పర్లాకిమిడి అని, ఒకరు పారలాఖెముండి అని కొడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో అయితే మరో మూడు రకాలు, ఇంకొందరు ఒడియాలో వెతుకుతారు. పేజీలో రాసే మాటల్లో ఇవన్నీ సహజంగా వచ్చేలా చూడడం కూర్చుని చెయ్యాల్సిన పని, 7 రోజుల ప్యాకేజీలో అది లేదు.

నెంబర్ వన్ అంటే ఎవరి ఫోన్లో నెంబర్ వన్ అనేది ముందు చెప్పమనండి. షాపుల కోసం వెతికితే గూగుల్ మూడు చూస్తుంది, అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరం, ఎంత పేరుంది అని. మన బస్టాండు దగ్గర నిలబడి చీరల షాపు అని కొట్టినోడికి ఒక లిస్టు, పాతపట్నంలో కూర్చుని కొట్టినోడికి ఇంకో లిస్టు. ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయం పేజీల్లోనే రాసి పెట్టింది.

బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మన సైటుకి వచ్చే లింకులు, కొనడం నేరుగా గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అని గూగుల్ తెచ్చిన మార్పు ఇలాంటి వాటి మీదే వచ్చింది. ఇప్పుడైతే చాలావరకు ఆ లింకుల్ని లెక్కలోకే తీసుకోదు, అంటే మీ డబ్బు పోయినట్టే, మరీ ఎక్కువ చేస్తే గూగుల్ మనుషులే చూసి సైటుని కిందకి తోసీగలరు. రివ్యూల గురించి ఎక్కువ చెప్పను, మన ఊరు ఎప్పుడూ చూడనివాళ్ల పేర్లతో ఒకేరోజు 50 పడితే ఎదురు షాపువాడే ముందు రిపోర్టు కొడతాడు.

అసలు భయం ఆ పాస్‌వర్డ్ లైనుతో. దీని గురించి మాత్రం చివరిదాకా చదవండి. పోయినేడాది మా వీధిలో ఒక బట్టల షాపాయన ఇలాగే ఇచ్చీసేరు. వాళ్లు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే గూగుల్‌లో షాపు పేరు కొడితే ఫోన్ నంబరు, టైమింగ్స్‌తో వచ్చే పేజీలో, తమనే ప్రధాన ఓనర్‌గా పెట్టుకుని ఫోన్ నంబరు మార్చీసేరు. కాశీనగర్ నుంచి వచ్చిన ఒకాయన "ఎన్నిసార్లు చేసినా మీ ఫోన్ ఎవరో ఎత్తి వేరే షాపు పేరు చెప్తున్నారు" అనేవరకు ఈయనకి తెలీదు, అదీ పెళ్లిళ్ల సీజన్లో. ఓనర్‌షిప్ తిరిగిమ్మని రిక్వెస్ట్ పెట్టేం, జవాబుకి వాళ్లకి 3 రోజుల గడువు, వాళ్లు ఇవ్వం అనీసేరు. బోర్డు ఫోటోలు, లైసెన్సు కాగితాలు పెట్టి అప్పీల్ చేసి తిరిగి తెచ్చుకునేసరికి నెలన్నర పట్టింది. ఆయన కళ్లమ్మట నీళ్లు పెట్టుకోవడం నేను చూసేను. అదే జీమెయిల్‌లో ఆయన ఫోన్ బ్యాకప్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కూతురి కాలేజీ కాగితాలు అన్నీ ఉన్నాయి.

ఏ పనివాడికీ మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, నాక్కూడా. వాడి మెయిల్ ఐడీని ప్రొఫైల్‌లో మేనేజర్‌గా యాడ్ చేస్తే పనంతా చేసుకోవచ్చు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో తీసీవచ్చు. డొమైన్, అంటే సైటు అడ్రసు, కూడా మీ పేరు మీద, మీ మెయిల్ మీదే కొనండి, రెన్యువల్ మెసేజ్ మీకే రావాలి.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం చాలామట్టుకు నిజం. చిన్న షాపుకి వెబ్‌సైట్ అక్కర్లేదు. టీ కొట్టుకి, కిరాణాకి, టైలరుకి ఉచితంగా వచ్చే ఆ ప్రొఫైల్‌లో టైమింగ్స్ కరెక్టుగా పెట్టి నాలుగు మంచి ఫోటోలు వేస్తే చాలు. నా దగ్గరకి సైటు కావాలని వచ్చిన ఇద్దరికి పోయిన నెలే వద్దని చెప్పి పంపించేను. గూగుల్ ఉచితంగా ఇచ్చిన ఒక పేజీ సైట్లని 2024 మార్చిలో మూసీసినప్పుడు మన బజార్లో కొందరు కంగారుపడ్డారు గానీ ప్రొఫైల్ ఉంది కాబట్టి గిరాకీ ఆగలేదు. లాడ్జీలు, కోచింగ్ సెంటర్లు, బయటూళ్లకి చీరలు పంపేవాళ్లు అయితే సైటు పెట్టుకోవాలి, డబ్బు కట్టేముందు కస్టమర్ చూసేది అదే కాబట్టి.

ఇది రాస్తుండగానే మా బావ ఫోన్ చేసేడు, మొన్నే పాస్‌వర్డ్ ఇచ్చీసేడంట. ఇప్పుడే బయల్దేరుతున్నాను వాళ్లింటికి, ముందు పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరు చూసి, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో అన్నీ తీసీయాలి. గ్రూపులో ఇంకెవరు ఇచ్చేరో రాత్రిలోపు నాకు చెప్పండి, డబ్బులేం తీసుకోను.