భద్రత సాకు, యూనియన్లపై వేటు

అమెరికాలో మాజీ సైనికులకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక నర్సును పైఅధికారులు విచారణకు పిలిచారనుకుందాం. క్రమశిక్షణ చర్య తప్పదన్న భయం ఉంటే, తన పక్కన యూనియన్ ప్రతినిధి కూర్చోవాలని ఆమె కోరవచ్చు. 1978 నాటి సివిల్ సర్వీస్ సంస్కరణల చట్టం ఇచ్చిన ఈ హక్కును 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ ఒక్క ఉత్తర్వుపై సంతకంతో లక్షలాది ఫెడరల్ ఉద్యోగుల చేతుల్లోంచి లాగేసుకున్నారు.

నిఘా, దర్యాప్తు, జాతీయ భద్రత ప్రధాన విధిగా ఉన్న సంస్థలను, యూనియన్ ద్వారా యాజమాన్యంతో ఒప్పందం చేసుకునే బేరసారాల హక్కు నుంచి మినహాయించే అధికారం అదే చట్టం అధ్యక్షుడికి ఇచ్చింది. ఆ నిబంధన ఆధారంగా మాజీ సైనికుల వ్యవహారాల శాఖను, పర్యావరణ పరిరక్షణ సంస్థను కూడా భద్రతా సంస్థల జాబితాలో చేర్చారు. అయితే పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మాత్రం వదిలేశారు. ఒకే ఆసుపత్రిలో గేటు దగ్గర ఆయుధంతో నిలబడే పోలీసుకు యూనియన్ ఒప్పందం కొనసాగుతుంది, లోపల సెలైన్ పెట్టే నర్సుకు మాత్రం రద్దవుతుంది. భద్రతే అసలు కారణమైతే ఈ వరుస తలకిందులుగా ఉండాలి. కొన్ని యూనియన్లు అధ్యక్షుడి విధానాలపై యుద్ధం ప్రకటించాయని వైట్‌హౌస్ స్వయంగా చెప్పుకున్నాక, ఇది కక్షసాధింపు కాదని నమ్మడం కష్టం.

అప్పటి అధ్యక్షుడు రీగన్ 1981లో 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను తొలగించిన ఉదంతాన్ని కొందరు దీనికి సమర్థనగా చూపుతారు. ఆ పోలిక నిలవదు. వారు చట్టం నిషేధించిన సమ్మెకు దిగారు. ఇప్పుడు ఎవరూ పని ఆపలేదు. పైగా ఫెడరల్ ఉద్యోగుల్లో అత్యధికులకు జీతాలపై బేరమాడే వీలే లేదు, వాటిని చట్టమే నిర్ణయిస్తుంది. వారికి మిగిలింది పనివేళలు, పనిచోట భద్రత, ఫిర్యాదుల పరిష్కారం వంటి విషయాలే. ఆ కాస్తా పోయింది. దానికి తోడు జీతం నుంచి యూనియన్ చందా మినహాయించే పద్ధతినీ చాలా శాఖలు ఆపేశాయి; కోర్టుల్లో పోరాడాల్సిన సమయంలోనే సంఘాల ఆదాయానికి గండి పడింది.

ఆ ఉత్తర్వును రద్దుచేసే బిల్లును 2025 డిసెంబరులో ప్రతినిధుల సభ 231-195 ఓట్లతో ఆమోదించింది, 20 మంది రిపబ్లికన్లు కూడా అనుకూలంగా ఓటేశారు. సెనేట్ కూడా దాన్ని ఆమోదించాలి. అయినా ఉత్తర్వు రద్దుతోనే సరిపెట్టకుండా, ఏ శాఖనైనా భద్రతా సంస్థగా ముద్రవేయడానికి వీలిస్తున్న 1978 చట్టంలోని ఆ నిబంధన పరిధిని అమెరికా చట్టసభ కాంగ్రెస్ స్పష్టంగా కుదించాలి.