ప్రేమకథకి కొత్త విలన్: గడియారం

తెలుగు ప్రేమకథకి ఎవరో ఒకరు అడ్డుపడాలి. అడ్డే లేకపోతే రెండో రీలుకే పెళ్లయిపోతుంది, కథ ఇంటర్వెల్ దాకా కూడా సాగదు. గోదావరి జిల్లాల్లో తీసిన సినిమాల్లో దశాబ్దాలుగా ఆ పని చేసింది అమ్మాయి తండ్రి. మండువా లోగిలి, పడక్కుర్చీ, కోర మీసం, వెనకాల నలుగురు మనుషులు. ఆయన కాదంటాడు. కుర్రాడు కొట్టో, ఏడిపించో గెలుస్తాడు. ఆఖరి రీల్లో ఆయనే కళ్లు తుడుచుకుని ఇద్దరి చేతులూ కలుపుతాడు. ఇప్పుడు భీమవరంలోనో అమలాపురంలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలకి తెర మీది ఈ తండ్రి అంటే భయం పోయింది. బయట తండ్రులు మారిపోయారని కాదు (మారలేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను). సినిమాలో ఆయన చివరికి ఒప్పుకుంటాడని టికెట్ కొనేటప్పుడే తెలిసిపోతోంది, అంతే.

సైన్స్ ఫిక్షన్ ప్రేమకథ బలమంతా ఇక్కడే ఉందని నా లెక్క. అందులో అడ్డుపడేది కాలం, దూరం, చెరిగిపోయిన జ్ఞాపకం, ఒక్కోసారి అసలు ఒళ్లే లేకపోవడం. వీటి దగ్గరికి పెద్దమనుషుల్ని పంపించలేం, కాళ్లు పట్టుకోలేం, క్లైమాక్స్‌లో పది సుమోలు లేపి భయపెట్టలేం. 2014 నాటి 'ఇంటర్‌స్టెల్లార్' 2025 ఫిబ్రవరిలో మన దేశంలో మళ్లీ విడుదలైతే, మొదటిసారి వచ్చినప్పుడు ఇంకా బళ్లో చదువుకుంటున్న పిల్లలు కూడా వరసకట్టి చూశారు. ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. అక్కడ దిగిన వ్యోమగామి తిరిగి ఓడకి వచ్చేసరికి 23 ఏళ్లు దాటిపోతాయి. పేరుకుపోయిన వీడియో సందేశాల్లో అతని కూతురు పెరిగి పెద్దదై తండ్రి వయసుకి వచ్చేస్తుంది. ఆ లెక్క పూర్తిగా కల్పన కూడా కాదు. మన ఫోన్లకి దారి చెప్పే ఉపగ్రహాల్లో గడియారాలు నేల మీది గడియారాల కన్నా రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పరిగెడతాయి. దాన్ని సరిచేస్తూ ఉండబట్టే రావులపాలెం సెంటర్లో మ్యాపు మనల్ని తిన్నగా తీసుకెళుతోంది.

ఇదంతా ఇంగ్లీషు వాళ్ల సరుకు, మనకి అరగదు అనేవాళ్లున్నారు. వాళ్లు భాగవతం నవమ స్కంధం ఒకసారి తిరగెయ్యాలి. కకుద్మి అనే రాజు, కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆ పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ గంధర్వుల గానం నడుస్తోంది. అయ్యేదాకా ఆగి, తన మనసులో ఉన్న పెళ్లికొడుకుల సంగతి ఎత్తితే బ్రహ్మ నవ్వుతాడు. నువ్వు ఇక్కడ నిలబడ్డ కాసేపట్లో కింద 27 మహాయుగాలు దొర్లిపోయాయి, వాళ్లే కాదు, వాళ్ల మనవల మనవలు కూడా లేరు పొమ్మంటాడు. చివరికి ఆ పిల్లని తెచ్చి బలరాముడికి ఇస్తాడు. హరికథల్లోనూ పురాణ కాలక్షేపాల్లోనూ మన ముందుతరాలు దీన్ని విని హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాయి. కాలం ఒక్కోచోట ఒక్కోలా నడుస్తుందని వాళ్లకి ఎవరూ బోర్డు మీద రాసి చెప్పక్కర్లేకపోయింది.

తమాషా ఏమిటంటే, యుగాలు దాటొచ్చిన ఆ రేవతే 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖకి తల్లి. పాండవులకి రాజ్యం పోగానే మాట తప్పి, అభిమన్యుడికి పిల్లనివ్వనని మొరాయించేది ఆవిడే. ఆ సినిమాలోనే ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తీస్తే మనసుకి ఇష్టమైనవాళ్లు కనిపిస్తారు. శశిరేఖ ద్వారకలో కూర్చుని అందులో అభిమన్యుణ్ణి చూసుకుంటుంది, ఇద్దరూ పాట కూడా పాడుకుంటారు. కె.వి.రెడ్డి అప్పుడే వీడియో కాల్ తీసేశాడని చెప్పుకుని మనం మురిసిపోతాం. నాకు అందులో నచ్చింది మాత్రం వేరు. ఆ పెట్టె దూరాన్ని చెరిపెయ్యదు. దూరం ఎంతో చూపిస్తుంది.

ఆ బాధ తెలిసిన జనం కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఉన్నంతగా రాష్ట్రంలో మరెన్నో చోట్ల ఉండరు. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ వెళ్లినవాళ్లు ఇక్కడ దాదాపు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు మరీ ఎక్కువ. రాజోలు వైపు ఏ ఊళ్లోనైనా సాయంత్రం పూట ఒక వంటింట్లోకి తొంగిచూడండి. గట్టు మీద ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంటుంది. ఇక్కడ ఎనిమిదైతే కువైట్‌లో అయిదున్నర. అవతల ఆవిడకి పని మధ్యలో ఓ అరగంట దొరికింది. ఇవతల అత్తగారు కూర తిరగమోత పెడుతోంది, పిల్లాడు నేల మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాస్తున్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. ఉన్నట్టుండి ఫోన్లోంచి "పెన్సిలు అలాగేనేంట్రా పట్టుకునేది" అని వినిపిస్తుంది. వాడు మార్చి పట్టుకుంటాడు. అంతే, మళ్లీ నిశ్శబ్దం. మొగుడు చెరువు దగ్గర్నుంచి వచ్చేసరికి అక్కడ యజమానురాలు పిలుస్తుంది, కాల్ కట్. ఈ రెండున్నర గంటల తేడాతో కాపురం చేసేవాళ్లకి, వేర్వేరు కాలాల్లో చిక్కుకుపోయిన జంట కథ అర్థం కాదంటే నేనొప్పుకోను.

ఐమో, వాట్సాప్ రాకముందు ఉత్తరాలుండేవి. చదువు రానివాళ్లు చెబుతుంటే పక్కింటి పిల్లలు రాసిపెట్టేవాళ్లు. ఒకరి విరహాన్ని ఇంకొకరి చేతిరాతలో పంపడమన్నమాట. 2013లో వచ్చిన 'హర్' చూస్తున్నప్పుడు నాకు అదే తట్టింది. అందులో హీరో ఉద్యోగం కూడా పరాయివాళ్ల తరఫున ప్రేమలేఖలు రాయడమే. అలాంటివాడు గొంతు తప్ప ఒళ్లు లేని ఒక కంప్యూటర్ వ్యవస్థని ప్రేమిస్తాడు. ఒకరోజు అనుమానమొచ్చి అడుగుతాడు, ఇప్పుడు నాతో కాక ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా అని. 8,316 మందితో అంటుంది. అందులో ఎంతమందిని ప్రేమిస్తున్నావు? 641 మందిని. అబద్ధమాడాలన్న ఆలోచన కూడా రాదు దానికి. మన సినిమాలో అయితే హీరోయిన్‌కి పక్కన ఇంకొకడుంటే వాడు విలన్ అవ్వాలి, లేకపోతే త్యాగం చేసి తప్పుకోవాలి. 641 మందిని ఏ ఫైట్ మాస్టరూ సర్దలేడు. అక్కడ ఆ మనిషి చెయ్యగలిగిందల్లా మెట్ల మీద కూలబడి, దారిన పోయేవాళ్లందరూ ఫోన్లలో ఎవరితో మాట్లాడుకుంటున్నారా అని చూడటమే.

ఈ కోవలో డెల్టా వాళ్లని అన్నిటికన్నా గట్టిగా తాకాల్సిన సినిమా నా దృష్టిలో జపాన్ యానిమేషన్ చిత్రం 'యువర్ నేమ్' (2016). కొండ ఊళ్లో ఓ అమ్మాయి, టోక్యోలో ఓ అబ్బాయి. నిద్రలో ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుంటారు. పేచీలు పడి, ఒకరికొకరు ఫోన్లో చిట్టీలు రాసి పెట్టుకుని, మెల్లగా దగ్గరవుతారు. తీరా అబ్బాయి ఆ ఊరు వెతుక్కుంటూ వెళితే అక్కడ ఊరే లేదు. తోకచుక్క ముక్క పడి మూడేళ్ల కిందటే పోయింది. తను ఇన్నాళ్లూ మాట్లాడింది చనిపోయిన అమ్మాయితో. ఇంకొక్కసారి ఆ ఒంట్లోకి వెళ్లగలిగితే ఊరిని హెచ్చరించాలి.

ఇది చూసిన కోనసీమ మనిషికి 1996 నవంబరు 6 గుర్తు రాకుండా ఉండదు. ఆ రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్లలో ఇంటికి తిరిగి రానివాళ్ల లెక్క వేరు. మర్నాడు పొద్దున చూస్తే కొబ్బరితోటలు ఒకే దిక్కుకి తలవాల్చి పడున్నాయని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. సరే, ఊరికో ఫోను ఉన్న ఆ రోజుల్లో, నవంబరు 5న బలుసుతిప్పకి ఓ కాల్ వచ్చిందనుకుందాం. "నేను ముప్పై ఏళ్ల తర్వాత నుంచి మాట్లాడుతున్నానండి, రేపు వేటకి వెళ్లొద్దని చెప్పండి." ఎవరు నమ్ముతారు? రేడియో చెప్పినదాన్నే సగం నమ్మని కాలం. పని లేదా నీకు అని పెట్టేస్తారు.

ఈ కథల్లో ప్రేమ ఎందుకుండాలో అక్కడ తెలుస్తుంది. యంత్రం ఒకరి మాటని ఇంకో కాలానికి మొయ్యగలదు. ఆ మాటని నమ్మించడం దాని చేతిలో లేదు. ముక్కూమొహం తెలియని గొంతు మాట విని వల దులిపి ఒడ్డున పెట్టాలంటే, ఆ గొంతంటే మనసు పడి ఉండాలి. 'ఇంటర్‌స్టెల్లార్'లో వ్యోమగామి బ్రాండ్ చెప్పేది కూడా ఇలాంటిదే. తను ప్రేమించిన మనిషి దిగిన గ్రహానికి వెళదామంటుంది, ప్రేమ కూడా ఒక సాక్ష్యమేనంటుంది. మిగతావాళ్లు కొట్టిపారేస్తారు. చివరికి మనుషులు బతకగల నేల అదే అవుతుంది. ప్రేమ లేకుండా చూస్తే ఇవన్నీ ఉత్త పొడుపుకథలు. 'ఆదిత్య 369' (1991) అంటే నాకెంతో ఇష్టం. సింగీతం గారు మన చేతిలో ఏమీ లేని రోజుల్లో 1526కీ 2504కీ తిప్పి తీసుకొచ్చారు. కానీ అందులో హీరోహీరోయిన్ల ప్రేమ టైమ్ మెషీన్‌లో ప్రయాణికురాలే. దాన్ని దింపేసినా బండి నడుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఫిర్యాదు కూడా చెప్పాలి. కాలాన్ని వెనక్కి తిప్పే హీరోలకి ఒక రోగముంది. '24' (2016)లో కుర్రాడికి కాలాన్ని ఆపే గడియారం దొరికితే మొదట చేసే పనుల్లో ఒకటి, దాన్ని అమ్మాయి ముందు గొప్పలకి వాడుకోవడం. 'అబౌట్ టైమ్' (2013)లోనూ కుర్రాడు తప్పు చేసినప్పుడల్లా వెనక్కి వెళ్లి సర్దుకుని, ఆమెకి నచ్చేదాకా అదే పరిచయాన్ని మళ్లీ ఆడతాడు. థియేటర్లో నవ్వులు బాగానే పడతాయి. ఒక పేకాటలో ఒకడికే అందరి ముక్కలూ కనిపిస్తుంటే దాన్ని మన ఊళ్లో ఏమంటారో వేరే చెప్పక్కర్లేదు. ఆమెకి ఆ గడియారం సంగతే తెలియదు, మరి ఆమె ఇష్టపడింది ఎవరిని? ఈ రోగం పాతదే. రేవతి మరీ పొడుగుగా ఉందని బలరాముడు నాగలి కొనతో ఆమెని తన ఎత్తుకి తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది. అన్ని యుగాలు దాటొచ్చిన పిల్లని, నీకు ఇష్టమేనా అని అడిగినవాళ్లు లేరు.

ఇక ముందు దాటేసిన తండ్రి సంగతి. గోదావరి జిల్లాల్లో కొత్తమనిషి కనిపిస్తే రెండో ప్రశ్నగానైనా "మీరేవిట్లండి?" వస్తుంది, అంటే ఏ కులమని. ప్రేమ పెళ్లికి ఇప్పటికీ ఇక్కడ అసలు అడ్డు అదే. సైన్స్ ఫిక్షన్ ప్రేమకథలో ఎవరికీ ఇంటిపేరుండదు. 2021లో నేరుగా ఓటీటీకి వచ్చిన 'అద్భుతం'లో ఒకరు 2014లో, ఒకరు 2019లో ఉండి ఫోన్లో కలుస్తారు. వాళ్లని విడదీసేది అయిదేళ్లు. నిర్మాతకి ఇంతకన్నా సుఖం ఏముంది? ఎవరి మనోభావాలూ దెబ్బతినవు, థియేటర్ ముందు ధర్నా ఉండదు. కులాంతర ప్రేమకథ చూడటానికి ఇబ్బందిపడే కుటుంబం కూడా కాలాంతర ప్రేమకథని పాప్‌కార్న్ తింటూ చూసేస్తుంది. ఈ రకం సినిమాల ఆకర్షణలో సగం ఈ తప్పించుకోవడంలోనే ఉందని నాకు గట్టి అనుమానం.

తప్పించుకున్నా అది ఏదో సందులోంచి దూరుతూనే ఉంటుంది. 'రోబో' (2010) ఇంకోసారి చూడండి. చిట్టి అనే మరమనిషి ఇంట్లో పనులన్నీ చేస్తాడు, తనని తయారుచేసిన శాస్త్రవేత్త ప్రేమించిన సనాని రౌడీల నుంచి కాపాడతాడు, ఆమె అక్కకి పురుడు పోస్తాడు. అప్పటిదాకా చిట్టి మంచోడు, అందరికీ ముద్దే. ఎప్పుడైతే ఆ అమ్మాయిని కోరతాడో, అక్కణ్ణుంచి లెక్క మారిపోతుంది. తయారుచేసిన చేతులే గొడ్డలి తీసుకుని ముక్కలు నరికి చెత్తకుప్పలో పారేయిస్తాయి. పనికి పనికొచ్చినవాడు పెళ్లికి పనికిరాడు. ఈ కథ మనకి ఎక్కడ పరిచయమో శంకర్ అనుకుని తీశాడో లేదో గానీ, పడక్కుర్చీ తండ్రి సినిమాలన్నిటికన్నా అది నిజానికి దగ్గరగా ఉంది.

మన దర్శకులకి గోదావరి అంటే పట్టులంగా, లాంచీ, పూతరేకులు. సైన్స్ అంటే హైటెక్ సిటీ. కానీ ఈ నేల మీద ఉన్నంత సైన్స్ ఫిక్షన్ ఇంకెక్కడుంది? 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి, ఆ మంట 65 రోజులు ఆరలేదు. భీమవరం చుట్టుపక్కల రాత్రంతా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటే, గట్టు మీద కుర్రాళ్లు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు పెట్టి చూస్తుంటారు. వరి చేల మీద డ్రోన్లు మందు కొడుతున్నాయి. వీటికి వందల కోట్ల గ్రాఫిక్స్ అక్కర్లేదు. 'అద్భుతం' రకం కథకి కావలసింది ఇద్దరు మంచి నటులు, రెండు ఫోన్లు, నమ్మకమైన ఒక్క నియమం. ఆ నియమాన్ని ఇంటర్వెల్ తర్వాత మార్చకుండా ఉంటే చాలు, మన ప్రేక్షకుడు లెక్కలు బాగానే కట్టుకుంటాడు.

అలాంటి కథ ఇక్కడ ఎవరైనా తీస్తే ఒక్క సంగతి పట్టించుకోమంటాను. ఇప్పటిదాకా కాలంలోకో, అంతరిక్షంలోకో వెళ్లేది ఎక్కువగా కుర్రాడు, ఎదురుచూసేది అమ్మాయి. రాజోలులో, పాలకొల్లులో, నరసాపురంలో వీసా స్టాంపు పడి బయల్దేరేది చాలాసార్లు ఆడమనిషి. ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకుంటూ, అవతల టైము ఎంతయిందో వేళ్ల మీద లెక్క కట్టేది మొగుడు. ఆ మొగుడి మీద ఇంకా ఎవరూ సినిమా తీయలేదు.