‘లైసెన్స్ అక్కర్లేదు’ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘లైసెన్స్ అక్కర్లేదు’ గారికి,

కాజీపేట నుంచి నమస్కారాలు. మీరు నన్ను గుర్తుపట్టరు. డాలస్ నుంచి మా బావ తెచ్చిన వాకీటాకీ డబ్బా మీద, కుడివైపు మూలన, పచ్చటి గుండ్రంలో ఇంగ్లిష్‌లో కూర్చుని ఉన్నారు మీరు. మీ నెత్తిమీద ఇంకా పెద్ద అక్షరాల్లో ‘36 మైళ్లు’ గారు. ఆయన సంగతి తర్వాత.

మొన్నటి మేడారం జాతరకు రెండు బండ్లలో పద్నాలుగు మందిమి పోయాం. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మలను చూడటం మాకు ఎంత ఆనవాయితీయో, అక్కడికి పోయాక మాలో ఒకరు తప్పిపోవడం కూడా అంతే. ఆ జనంలో ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. అందుకే బావ జత సెట్లు తెచ్చాడు. “టెన్షన్ పడకు బామ్మర్దీ, దీనికి టవర్‌తో పనే లేదు” అన్నాడు. మిమ్మల్ని వేలితో చూపించి, “చూడు, లైసెన్స్ కూడా అక్కర్లేదు” అన్నాడు. అచ్చులో ఉన్న మాటను, అదీ ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని అనుమానించే అలవాటు మా ఇంట్లో లేదు.

ఒక సెట్టు అమ్మ చేతికిచ్చాం. ఆమె బంగారం మూటతో గద్దెల వైపు పోయింది (బెల్లమే లెండి, దొంగలు ఆశపడొద్దు). మేము జంపన్న వాగు దగ్గర ఆగాం. బావ బటన్ నొక్కి, “అత్తమ్మా, గద్దెల దగ్గరికి చేరారా? ఓవర్” అన్నాడు. కాసేపు గరగర. తర్వాత అమ్మ గొంతు: “నేనేం ఓవర్ చేసిన అల్లుడా?”

ఆ కోపంలో ఆమె బటన్ వదల్లేదు. ఈ సెట్లలో ఒకరు నొక్కి పట్టుకుంటే అవతలివాళ్లు నోరు మూసుకుని వినాల్సిందే. పావుగంట పాటు డప్పులు విన్నాం, కొబ్బరికాయలు పగలడం విన్నాం, అల్లుడి గురించి అమ్మ పక్కావిడతో చెప్పుకున్న నాలుగు మాటలూ విన్నాం. బావ ముఖం చూడలేక నేను వాగు వైపు తిరిగాను. కాసేపటికి అదీ ఆగిపోయింది. 36 మైళ్లంటే హనుమకొండలో మాట్లాడితే ములుగు దాటి వినపడాలి. మధ్యలో ఏ అడ్డమూ లేకుండా కొండ మీది నుంచి లోయలోకి మాట్లాడితే ఆ లెక్కట. చెట్లు, గుడారాలు, బండ్లు, లక్షల మంది జనం మధ్య మేడారంలో అడ్డం లేని చోటు ఎక్కడ వెతకాలి? ఆఖరికి ఎప్పటిలాగే మైకులో పేరు చెప్పించి అమ్మను పట్టుకున్నాం.

మీ అసలు రంగు ఇంటికొచ్చాక బయటపడింది. మా గల్లీలో గార్డు సారు ఉంటారు, రైల్వేలో రిటైరయ్యారు. (2022లో గార్డు పేరు ట్రైన్ మేనేజర్‌గా మార్చారు గానీ, మా గల్లీకి ఆ ఆర్డరు ఇంకా అందలేదు.) వాకీటాకీతో ఏళ్లకేళ్లు డ్యూటీ చేసిన మనిషి. మిమ్మల్ని చదివి నవ్వారు.

“ఇది నిజమే తమ్మీ. కాకపోతే డాలస్‌లో.”

ఆయన చెప్పాక తెలిసింది. మా సెట్టులో ఒకటో ఛానెల్ ఫ్రీక్వెన్సీ, అంటే మాట గాల్లో పోయే దారి నంబరు, 462.5625 మెగాహెర్ట్జ్. అమెరికాలో అలాంటి ఛానెళ్లను తక్కువ పవర్ సెట్లకు ఊరికే వదిలేశారు. పెద్ద పవర్ కావాలంటే 35 డాలర్లు కట్టి పదేళ్ల లైసెన్స్ తీసుకోవాలి. పరీక్ష లేదు. పైగా ఒక్కరు తీసుకుంటే అమ్మానాన్నలు, అత్తామామలు, బావమరుదులు, మేనల్లుళ్లు అందరూ మాట్లాడొచ్చు. ఉమ్మడి కుటుంబం విలువ అమెరికా వాళ్లకు తెలియదని ఇకమీదట ఎవరూ అనొద్దు.

ఇక్కడ కథ వేరు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర, జనం వాడుకోవడానికి వదిలిన సిటిజన్ బ్యాండ్ అని ఒకటుంది, ఆ సెట్లు వేరు. మా దాంట్లాంటి చేతి సెట్లకు లైసెన్స్ లేకుండా వదిలింది 446.0 నుంచి 446.2 దాకా ఉన్న సన్న సందునే. మా గల్లీలో కనీసం ఆటో పడుతుంది. ఆ సందులో తిరగాలన్నా సెట్టు మోడల్‌కు కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఆమోదం ముందే ఉండాలి. మా సెట్టేమో ఆ సందుకు 16 మెగాహెర్ట్జ్ అవతల, ఊరవతల నిలబడి ఉంది.

1933 నాటి వైర్‌లెస్ చట్టంలో, లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్‌ను, అంటే మా సెట్టులాంటి దాన్ని, వాడటం దాకా అక్కర్లేదు, దగ్గర పెట్టుకున్నా మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు. ఆ రోజుల్లో వెయ్యికి ఏమొచ్చేదో గానీ, ఇప్పుడు జాతరలో కోడికీ కట్టెలకూ చాలదు. ఆ చట్టం పుట్టినప్పుడు మా ఓరుగల్లు నిజాం ఏలుబడిలో ఉంది, అది మాకు తర్వాత తగులుకుంది. దాని జాగాలోకి 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చారు.

నియమం మీద నాకు కోపం లేదు. రైలు కదలమనే మాటలోకి మా అమ్మ గొంతు దూరితే ఏమవుతుందో గార్డు సారు చెప్పాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గొడవ మీతోనే. పల్లెవెలుగు బస్సుకైనా ఏ ఊరికి పోతుందో బోర్డు ఉంటుంది. మీరు ఊరి పేరు లేకుండా తిరుగుతారు. ఇక్కడ ఆన్‌లైన్ అంగళ్లలోనూ మీ చుట్టాలకు కొదవలేదు. ఫ్రీక్వెన్సీ ఎంతో, లైసెన్స్ కావాలో వద్దో చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది. ఆ వార్త మేమూ చదివాం. చదివి, అది వేరేవాళ్ల గురించి అనుకున్నాం.

సెట్లు రెండూ బావ వెంట డాలస్ పోయాయి. పెట్టెలో సకినాలకు చోటు కావాలని మీ డబ్బాను మాత్రం ఇక్కడే వదిలేశాడు. గట్టి డబ్బా కదా అని అమ్మ దాన్ని బీరువాలో పెట్టుకుంది. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, బండి ఆర్సీ, నా డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ ఇప్పుడు మీ కిందే ఉన్నాయి.

ఇట్లు,
గార్డు సారు గల్లీ నుంచి ఒక బామ్మర్ది