తమరికో దండం, రాజదండం గారూ!

రాజదండం గారికి,
లోక్‌సభ, స్పీకరు కుర్చీ పక్కన.

అయ్యా,

తమరూ మా చెన్నై సరుకే, అరవంలో తమరి పేరు సెంగోల్. 1947లో ఇక్కడ వుమ్మిడి బంగారుచెట్టి వారి నగల దుకాణంలో పుట్టారు. చేయించింది తిరువావడుతురై మఠం. ఐదడుగుల ఎత్తు, నెత్తిన నంది. లోపల వెండి, పైన బంగారు పూత. (ఆ సంగతి నేనెవరికీ చెప్పనులెండి, పెళ్లిళ్లలో ఇదంతా మామూలే.) ఆగస్టు 14 రాత్రి నెహ్రూ గారి చేతికి వెళ్లారు. తర్వాత అలహాబాదు మ్యూజియంలో ఉత్త బంగారు కర్రగా దశాబ్దాలు గడిపారు. 2023 మే 28న కొత్త పార్లమెంటులో కొలువుదీరారు. నా తలనొప్పి అప్పుడే మొదలైంది.

"నాన్నా, సెంగోల్ అంటే?" అన్నాడు మావాడు. చెంగల్వ, చెంగావి తెలిసినవాణ్ణి కదా, ధీమాగా "ఎర్ర కర్ర" అన్నాను. ముగ్గుపిండి డబ్బాతో వెళ్తున్న ఎదురింటి మామి మా గుమ్మం ముందే ఆగిపోయింది. "ఎర్ర కర్ర ఇల్లె సార్! నేరాన కోల్!" అరవంలో 'సెం' అంటే ఎరుపూ అవుతుంది, తిన్ననిదీ అవుతుందట. అంటే తమరు వంకర లేని కర్ర.

మామి అంతటితో వదల్లేదు. కర్ర వంగితే కొడుంగోల్, అది పట్టినవాడు కొడుంగోలన్. అరవం వారి నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో 55వ అధ్యాయం తిన్నని కర్రది, 56 వంకర కర్రది. శిలప్పదికారం కావ్యంలో పాండ్యరాజు కోవలన్ అనే వర్తకుణ్ణి అన్యాయంగా చంపించానని తెలియగానే, తన కోలు వంగిపోయిందని కుప్పకూలి ప్రాణం వదిలాడు. ఇప్పుడైతే వంపు ఎన్ని డిగ్రీలో తేల్చమని కమిటీ వేసేవారు.

కోల మనకీ ఉంది. ములుకోలతో ఎద్దుల్ని తోలాం, కోలాటం ఆడాం. తమరి దగ్గరికొచ్చేసరికి మాత్రం సంస్కృతం వాకిట నిలబడి 'దండం' తెచ్చుకున్నాం. కర్రా దండమే, తగిలేదీ దండనే, తగిలాక పెట్టేదీ దండమే. ఒక్క మాటతో రాజ్యం మొత్తం నడిచిపోతుంది! తిన్ననా వంకరా అన్న ప్రశ్నే రాదు. మా వాచ్‌మన్ చేతిలోనూ తమరి చుట్టం ఒకటుంది. దాంతో పక్కింటి మామిడికాయలు రాలుస్తాడు, అర్ధరాత్రి అలికిడైతే దాన్ని గోడకానించి లోపలికి పోతాడు.

మావాడు ఊరుకోలేదు. "మరి కొడుంగోలన్‌ని తెలుగులో ఏమంటారు?"

"నిరంకుశుడు."

"అంటే?"

"అంకుశం లేనివాడు."

వాడు కాసేపు ఆలోచించాడు. "అంటే రాజు ఏనుగన్నమాట. మరి మావటివాడెవరు నాన్నా?"

జవాబు తమరికేమైనా తెలిస్తే రాయగలరు. రోజూ అక్కడే కదా ఉంటారు.

ఇట్లు,
మాంబళంలో అద్దెకుంటున్న ఓ తెలుగువాడు