ఒక కత్తి పదవీ విరమణ

అటక మీది ఇనప సామాన్ల అడుగున ఒక కత్తి దొరికింది. అప్పటిదాకా ఇంట్లో దాని పేరు "ఆ తుప్పు కత్తి". నా చేతిలో పడిన క్షణం నుంచి పురావస్తువు. పారేయమన్నవాళ్ల వైపు ఒక చూపు చూశాను. ఆ చూపుకున్న పదును కత్తికి లేదు.

అది స్టెయిన్‌లెస్ కాదు. ఆ పేరు దక్కాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఇది మామూలు కార్బన్ ఉక్కు, తడి తగిలితే చాలు తుప్పు పడుతుంది. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. రావడం తగ్గించారు.

పెచ్చులుగా రాలుతూ ఇనుమును తినే ఎర్ర తుప్పు శత్రువు. ఏళ్ల వాడకంతో నల్లగా, నున్నగా పట్టిన పొర మాత్రం మిత్రపక్షం. కింది ఉక్కును కొంత కాపాడుతుంది, దాని జోలికి పోకూడదు. ఇదంతా నేను శ్రద్ధగా చదివాను. కానీ శాండ్‌పేపర్ చేతికొచ్చాక చదువు గుర్తుంటుందా? ముందు వెనిగర్‌లో నానబెట్టాను. అప్పుడప్పుడూ తీసి చూసుకోవాలట, నేను నిద్రపోయాను. ఆమ్లం తుప్పుతో ఆగదని, ఉక్కునూ కొరుకుతుందని తెల్లారాక తెలిసింది. తర్వాత 220 నంబరు కాగితం, 400, 1000. మూడో రోజుకి తుప్పు పోయింది, నల్లపొర పోయింది, పిడి దగ్గర చేసినవాడు కొట్టిన ముద్ర కూడా పోయింది. అది పాతదని చెప్పే సాక్షులెవరూ మిగల్లేదు. మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లను విన్నాం. నేను మసి తుడిచి చేశాను.

మొన దగ్గర ఆత్రంకొద్దీ కరెంటు సానచక్రం పెట్టాను. అంచు నెమలికంఠం రంగు తిరిగింది. ఎంత అందమో అని ఫొటో కూడా తీశాను. వేడికి ఉక్కు నీలం తిరిగిందంటే గట్టిదనం పోయినట్టేనట. అంటే నేను తీసింది శవం ఫొటో.

మిగిలిన వాదరను సానరాయి మీద 15, 20 డిగ్రీల మధ్య వాలుగా పట్టి నూరాను. ఒక పక్క నూరితే రెండో పక్కకు సన్నటి ఇనుప ముడత తిరుగుతుంది, వేలికి తగులుతుంది, దాన్నీ తీసేయాలి. పదును చూసుకోవడానికి ముంజేతి వెంట్రుకలు గీకడం ఆచారం. నా ఎడమచెయ్యి ఇప్పుడు పసిపిల్లవాడిది. పిడికి అవిసె నూనె పట్టించాను. ఆ గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు కాబట్టి తీగ మీద విడివిడిగా ఆరేశాను. ఏం పండగని పక్కింటివాళ్లు అడిగారు.

ఇక నిబంధనలు. పులుపు తగిలితే మచ్చ పడుతుంది, కాబట్టి పుల్లనివి కొయ్యరాదు. గట్టివి కోస్తే వాదర పెచ్చులూడుతుంది, అవీ వద్దు. తడి అసలే తగలరాదు. నూనె రాసి, గుడ్డలో చుట్టి, దారం కట్టి, పొడిగా ఉండేచోట దాచాలి. ఇంట్లో అంత పొడిగా ఉండేచోటు అటకే.

వంటింట్లో ప్లాస్టిక్ పిడి కత్తి ఒకటుంది. దానికి ఎవరూ నూనె రాయలేదు, ఎవరూ దాని గురించి చదవలేదు. నిన్న నా పొట్లం దారం ముడి పడితే, తెంపడానికి దాన్నే అడిగి తెచ్చుకున్నాను.