డౌన్‌లోడ్ నొక్కేముందు ఒక్క నిమిషం ఆగండి

'పది నిమిషాల్లో పీఎల్‌సీ బేసిక్స్' అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పీఎల్‌సీ అంటే మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో మెషీన్లను మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్. పంపినోళ్లంతా మనోళ్లే. మిర్యాలగూడ మిల్లుల్లో చేసే ఎలక్ట్రీషియన్లు, నల్లగొండ ఐటీఐ తమ్ముళ్లు, జడ్చర్ల ఫార్మా కంపెనీలో ఉన్న మా బావమరిది. మంచి మనసుతోనే పంపుతున్నారు, కానీ అందులో తప్పులున్నాయి, ఇక ఊరుకోలేను.

పీఎల్‌సీని జర్మనీ కంపెనీ సీమెన్స్ కనిపెట్టిందట. కాదు, మొదట వచ్చింది అమెరికాలో, 1969 నాటి మోడికాన్ 084. సరే, ఈ తప్పుతో ఎవరి మోటారూ కాలదు.

ల్యాప్‌టాప్ కేబుల్ పీకితే పీఎల్‌సీ ఆగిపోతుందట. ప్రోగ్రాం పీఎల్‌సీలోనే ఉంటుంది. పీఎల్‌సీ ఉండే మీ మిల్లు పానెల్‌కు ఇప్పుడు ఏ ల్యాప్‌టాప్ తగిలించి ఉందో పోయి చూడండి.

తొమ్మిది పిన్నుల సాకెట్ అయితే ఏ కేబులైనా ఒకటేనట. పాత ల్యాప్‌టాప్ కామ్ పోర్టు వాడే సిగ్నల్ పద్ధతి ఆర్ఎస్-232, సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీకి ఉండే ఎంపీఐ పోర్టుది ఆర్ఎస్-485. సాకెట్ ఒకేలా కనిపించినా లోపలి సిగ్నల్ వేరు. మధ్యలో అడాప్టర్ ఉండాల్సిందే.

అసలు కోపం ఈ మాట మీద: 'డౌన్‌లోడ్ అంటే పీఎల్‌సీలోని ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడం. రిపేరుకు ముందు డౌన్‌లోడ్ చేసి బ్యాకప్ పెట్టుకోండి.'

ఇది పూర్తిగా తలకిందులు! సీమెన్స్ పీఎల్‌సీలోనైనా, అలెన్ బ్రాడ్లీ పీఎల్‌సీలోనైనా డౌన్‌లోడ్ అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నది పీఎల్‌సీలోకి పోవడం. అక్కడున్న ప్రోగ్రాం చెరిగిపోయి, దాని జాగాలో ఇది కూర్చుంటుంది. పీఎల్‌సీ నుంచి తెచ్చుకోవడం అప్‌లోడ్. పైన ల్యాప్‌టాప్, కింద పానెల్ అనుకోండి. కిందికి దింపితే డౌన్‌లోడ్, పైకి తీస్తే అప్‌లోడ్. మిత్సుబిషి సాఫ్ట్‌వేర్‌లో రీడ్, రైట్ అని ఉంటుంది, అక్కడ ఈ తికమకే లేదు.

పోయిన యాసంగిలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఒక పిల్లగాడు బ్యాకప్ కోసమని డౌన్‌లోడ్ నొక్కిండు. ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్నది సగం రాసిన ప్రోగ్రాం. 'పీఎల్‌సీ స్టాప్ మోడ్‌లోకి పోతుంది, సరేనా' అని సాఫ్ట్‌వేర్ అడిగితే సరే అన్నడు. డ్రైయర్ ఆగింది, నానబెట్టిన వడ్లు ట్యాంకులోనే ఉండిపోయినయి. నన్ను పిలిచేసరికి వాసన మొదలైంది. పాత ప్రోగ్రాం ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ పిల్లగాడికి రెండు నెలల జీతం కోసిండ్రు. తప్పు అతనిదా, ఈ మెసేజ్ రాసినోడిదా? నేర్పేటోడివైతే ఒక్కసారన్నా పానెల్ ముందు నిలబడి చేసి చూసినవా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. పీఎల్‌సీ మీద బ్యాటరీ లైటు వెలిగితే కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చమని ఆ మెసేజ్‌లో ఉంది. తప్పేమో అనుకుని మాన్యువళ్లు తిరగేసిన. ప్రోగ్రాం ర్యామ్‌లో ఉండే చాలా పాత మోడళ్లకు అది కరెక్టే. బ్యాటరీ అయిపోయినంక కరెంటు పోతే ప్రోగ్రామూ పోతుంది. కొన్ని మోడళ్లలో మాత్రం కరెంటు ఆపి, కొన్ని సెకన్లలోనే మార్చాలి. మాన్యువల్ చూసుకోండి.

ఆ లైను ఉంచుకోండి. డౌన్‌లోడ్ లైను పంపినోళ్లు దాన్ని డిలీట్ చేస్తే సరిపోదు, ఎవరెవరికి పంపిండ్రో వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. వానాకాలం వడ్లు మిల్లులకు దిగకముందే చెప్పండి.